నాయన బతికుండగా తీసిన మీసం

గడ్డం వచ్చినంత తొందరగా వీడికి బుద్ధి రాలేదని మా అమ్మ అంటుండేది. బుద్ధి సంగతి నాకు తెలియదు గానీ గడ్డం మాట నిజం. పొద్దున గీస్తే సాయంత్రానికి చెంపలు నల్లబడేవి. అదేమైనా మామూలు వెంట్రుకా? చెప్పులు తుడిచే బ్రష్షు! కింద చర్మం మాత్రం చంటిపిల్లల చర్మం. ఈ రెండూ తెచ్చి ఒకే మొఖానికి ఎందుకు అంటించాడని దేవుడి మీద నాకు అప్పట్లో మహా కోపంగా ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పెద్ద యుద్ధం ముగిసి రెండు మూడేళ్ళయిన రోజులవి. మాది శేరిలింగంపల్లి. ఊరు దాటితే బండలు, సీతాఫలం పొదలు, జొన్న చేలు. ఇప్పుడు ఆ బండల్ని పగలగొట్టి అద్దాల మేడలు కట్టారు, మాకు అప్పుడు అవి మేకలు ఎక్కే గుట్టలు. నేను పొద్దున్నే స్టేషనుకు నడిచి, రైలెక్కి సికింద్రాబాదు పోయి, ఒక బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని చేసేవాణ్ణి. ఆడవాళ్ళ ముందు కూర్చునే పని కాబట్టి రోజూ గడ్డం నున్నగా ఉండాలని సేటు గట్టిగా చెప్పాడు. మా వాడకు మంగలి తాత వారానికి ఒక్కసారే వచ్చేవాడు. మంగళవారం కత్తి ముట్టడు, శనివారం ముట్టడు, అమావాస్యకు అసలే ముట్టడు. ఆయన్ని నమ్ముకుంటే నా ఉద్యోగం నీళ్ళపాలే.

అందుకని పాత సామాన్ల బజారులో ఒక సేఫ్టీ రేజర్ కొన్నాను. ఏ సిపాయి వదిలేసి పోయిందో, ఇత్తడిది, పిడి తిప్పితే మూడు ముక్కలుగా ఊడి వచ్చేది. దాన్ని చూసుకుని నేను మురిసిన మురిపెం అంతా ఇంతా కాదు. బతుకులో ఇంక గడ్డం బాధ లేదనుకున్నాను. రేజర్ ఒక్కటి ఉంటే చాలదనీ, అసలు కథంతా బ్లేడులో ఉంటుందనీ నాకెవరు చెప్పారు?

రేజర్‌తో పాటు బజారువాడు ఊరికే ఇచ్చిన బ్లేళ్ళు తుప్పు మచ్చలవి. వాటితో గీసుకున్న రోజు చెంపల మీద పటిక రాసుకుంటూ కుప్పిగంతులు వేశాను. తర్వాత దుకాణంలో నా పక్కన కూర్చునేవాడు నెమలి బొమ్మ కాగితంలోది బాగుంటుందని చెప్పాడు. నెమలి అందంగానే ఉంది, లోపలి బ్లేడు మాత్రం వెంట్రుకల్ని కోయడం మాని పీకడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సింహం బొమ్మది కొన్నాను. మొదటి రోజు బాగా తెగింది, రెండో రోజు సింహానికి పళ్ళు ఊడిపోయాయి. ఎవరో గాజు గ్లాసు లోపల రుద్దితే పదును వస్తుందన్నారు. మా ఇంట్లో చుట్టాలు వస్తే చాయ పోసి ఇచ్చేందుకు ఒక గాజు గ్లాసు ఉండేది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని బ్లేడును వేలితో అదిమి అటూ ఇటూ రుద్దుతుంటే అమ్మ చూసింది.

“ఓరి నీ మొఖం మండ! చాయ తాగే గిలాసల గడ్డం బిల్ల రుద్దుతవారా? రేపు చుట్టాలకు దేంట్ల పొయ్యాలె, నీ నెత్తిలనా?”

నాయన మాత్రం నా తిప్పలన్నీ ఇష్టంగా చూసేవాడు. ఆయన ఎడ్ల బేరగాడు. అంగళ్ళు తిరిగి ఎడ్లను కొనేవాడు, అమ్మేవాడు, చేత్తో తోలు నిమిరి పశువు ఎలాంటిదో చెప్పేవాడు. నేను కొత్త బ్లేడు వాడిన రోజున సాయంత్రం నా చెంప మీద చెయ్యి పెట్టి తీర్పు చెప్పేవాడు. “ఈ నెమలిది వద్దు బిడ్డా, వాపస్ జెయ్. సింహంది జర నయం.” ఆయన పెట్టె నిండా నేను వాడి పడేసిన బ్లేడు కాగితాలే ఉండేవి, బొమ్మలు బాగున్నాయని దాచేవాడు. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది.

ఎన్ని బ్లేళ్ళు మార్చినా నేను మీసం జోలికి పోయేవాణ్ణి కాదు. మా వైపు తండ్రి ఉన్న కొడుకు మీసం తీయడు. తండ్రి పోయిన తర్వాత మంగలి కూర్చోబెట్టి తీస్తాడు. ఊళ్ళో ఎవడైనా నున్నటి మూతితో కనపడితే, పాపం వీడి తండ్రి ఎప్పుడు పోయాడో అని జనం ఆగి అడుగుతారు. నాకు మీసం మొలిచిన నాటి నుంచి అది నా మూతి మీదే ఉంది. అది లేకుండా నేనెలా ఉంటానో నాకే తెలియదు.

ఆ ఏడు నాయన సదాశివపేట అంగడికి పోయాడు. వారంలో వస్తానన్నాడు. వారం దాటింది, రాలేదు. అప్పుడు దారులు మంచిగా లేవు. ఊళ్ళలో గడబిడగా ఉండేది, రైలు ఒకరోజు వస్తే ఒకరోజు వచ్చేది కాదు, స్టేషనులో రోజుకో పుకారు. అమ్మ పైకి ఏమీ అనేది కాదు. కానీ అన్నం పెట్టుకుని ముద్ద కలుపుతూ అలాగే ఉండిపోయేది. బయట ఎద్దు మెడలో గంట వినిపిస్తే లేచి గుమ్మం దాకా పోయి, వేరేవాళ్ళ ఎద్దని చూసి వెనక్కి వచ్చేది. నేను “వస్తడులే అమ్మా, ఫికర్ చెయ్యకు” అనేవాణ్ణి. నాకు లోపల అంతకంటే ఎక్కువ ఫికర్ ఉండేది.

ఆ రోజుల్లోనే దుకాణంలో నా పక్కవాడు ఇంకో బ్లేడు తెచ్చాడు. వాళ్ళ బావ మిలిటరీ క్యాంటీనులో పని చేసేవాడు, అక్కడ సంపాదించిందట. కాగితం మీద బొమ్మ లేదు, ఏదీ లేదు. మైనం పూసిన కాగితం విప్పితే అంత పలచటి బ్లేడు నేనెప్పుడూ చూడలేదు, వంచితే వంగుతోంది. ఇదేం తెగుతుందిలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున పెరట్లో గోడకు అద్దం తగిలించి, సబ్బు నురగ మొఖమంతా పట్టించి మొదలుపెట్టాను. నా చేతికి మొండి బ్లేళ్ళు అలవాటు. వాటిని అదిమి పట్టి, పళ్ళు బిగించి లాగితే గానీ కదిలేవి కావు. అదే బరువుతో దీన్నీ లాగాను. చెంప మీద సర్రున పోయింది. వెంట్రుక తెగిన సంగతి కూడా తెలియలేదు. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! ఆ సంబరంలో రెండో చెంప కూడా లాగి, మూతి పక్కన నురగ మిగిలితే అక్కడా ఒక్క లాగు లాగాను.

తుడుచుకుని అద్దంలో చూస్తే ఎడమ వైపు మీసం లేదు.

రేజర్‌లో చూశాను, అక్కడుంది. అటు రైలు వేళవుతోంది, ఇటు సగం మీసం. సగం మీసంతో పోతే సికింద్రాబాదు దాకా రైలు పెట్టెలో వాళ్ళందరికీ నేనే తమాషా. ఏం చేయాలి? ఆలోచించే తీరిక కూడా లేకుండా రెండో సగం కూడా గీసేశాను. ఇంత జరిగినా ఒక్క మాట ఒప్పుకోవాలి, బ్లేడు మాత్రం బ్రహ్మాండం. మంట లేదు, గాటు లేదు.

అప్పుడే అమ్మ నీళ్ళ చెంబుతో పెరట్లోకి వచ్చింది. నన్ను చూసింది. చెంబు మెల్లగా కింద పెట్టి, పుస్తెలతాడు పిడికిట్లో పట్టుకుంది.

“ఎవరు జెప్పిండ్రు?” అంది.

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ అడ్డంగా ఊపాను. “ఎవరూ ఏం చెప్పలేదమ్మా! బ్లేడు జారింది.”

“టేషన్ల ఏమన్న ఇన్నవా? నాతోని దాస్తున్నవా?”

“నీ మీద ఒట్టు. కొత్త బ్లేడు, చేతికి అలవాటు లేదు, పోయింది. గంతే.”

ఆమె నా మొఖంలోకి చాలాసేపు చూసింది. చివరికి నమ్మింది. నమ్మాక ఇంకా భయపడింది. “అయ్యో నా దేవుడా, మనిషి జాడ లేకపాయె, కొడుకు మీసం పాయె. ఇదేం శకునంరా!” అని గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ అటు తిరిగింది. “నా కండ్ల ముందలికి రాకు. మూతికి ఏమన్న సుట్టుకో.”

నేను తువ్వాలు మూతికి చుట్టుకుని మంచం మీద కూలబడ్డాను. రైలూ పోయింది, ఆ రోజు పనీ పోయింది. అంత సేపూ నా బుర్రలో ఒక్కటే ఉంది. నాయనకు నిజంగానే ఏమన్నా అయి ఉంటే? ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా భయమేసింది.

నేను తువ్వాలు చుట్టుకోకముందే పక్కింటి అత్త గోడ మీద నుంచి నన్ను చూసిందట. ఇంకేముంది! కాసేపట్లో వాడలో ఆడవాళ్ళందరూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగరు. ముక్కులు చీదుతారు, కొంగుతో కళ్ళొత్తుకుంటారు, అమ్మ నుదుటి కేసి దొంగచూపులు చూస్తారు. అమ్మకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి పోయి కుంకుమ భరిణె తీసుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని బయటికి వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. “సూడుండ్రి, మంచిగ సూడుండ్రి. నా పెనిమిటి అంగడికి వోయిండు. ఇయ్యాల గాకుంటె రేపొస్తడు.” చెప్పేటప్పుడు ఆమె గొంతు గట్టిగానే ఉంది, చెయ్యి మాత్రం దర్వాజను వదల్లేదు.

అప్పుడు మంగలి తాత వచ్చాడు, చంకలో కత్తుల పొదితో. మొఖం మాడ్చుకుని ఉన్నాడు.

“ఏం పిల్లగా, మీ తాతకు నేను జేసిన. మీ ముత్తాతకు మా నాయిన జేసిండు. మీ నాయిన వోతె నన్ను పిలువకుండ నీకు నువ్వే గీసుకుంటివా? నేనేం పాపం జేసిన?”

“తాతా, నాయిన పోలేదు!”

“పోకుంటె మీసమెందుకు వోయింది?”

“బ్లేడుతో పోయింది తాతా.”

“బిలేడట!” అని ఆయన అరుగు చివర చతికిలబడ్డాడు. “సరే, ఖబర్ వచ్చేదాంక ఈడనే కూసుంట.”

“లే!” అంది అమ్మ. “ఆ పొది పట్టుకొని నా గడప ముందల కూసుంటవా? లే, జల్ది లే!” ఆయన లేచాడు, వేపచెట్టు కింద కూర్చున్నాడు. పోలేదు.

మధ్యాహ్నం దాటాక పడమటి బాట మీద గంట వినిపించింది. ఈసారి అమ్మ లేవలేదు. లేచే ధైర్యం ఆమెకు లేకపోయిందని నాకు తెలుసు. నేనే లేచి చూశాను. కుంటుతున్న తెల్ల కోడె, దాని పగ్గం పట్టుకుని దుమ్ము కొట్టుకుపోయి మా నాయన. కోడె కాలు బెణికిందట. దాన్ని పరేషాన్ చేయడం ఇష్టం లేక ఊరూరా ఆపుకుంటూ మెల్లగా నడిపించుకొచ్చాడు.

ఆయన మా ఇంటి ముందు గుంపును చూశాడు. ఏడుపు మొఖాలు చూశాడు. మూతికి తువ్వాలు చుట్టుకున్న నన్ను చూశాడు. చెట్టు కింద పొదితో కూర్చున్న మంగలి తాతను చూశాడు. ఆయన చేతిలో పగ్గం వదిలేశాడు.

“ఎవరు వోయిండ్రు?” అన్నాడు.

“ఇంకెవరు తమ్మీ, నువ్వే,” అన్నాడు తాత.

ముందు పక్కింటి అత్త కిసుక్కుమంది. అంతే, అరుగు అరుగంతా నవ్వు. అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. “ఇంత ఆలిశమైతదా? ఒక్క మాట పంపరాదా? పానం వోయినంత పనాయె!” అని ఆయన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తిడుతూనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. నాకు కడుపు నిండిపోయింది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడో గానీ కలగలేదు.

అందరూ పోయాక నాయన కోడెను కట్టేసి, అన్నం తిని, జరిగిందంతా విని నన్ను పిలిచాడు. “తువ్వాల తియ్యి.”

తిట్లకు సిద్ధపడి తీశాను. ఆయన తిట్టలేదు. నన్ను చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపు చూసినా కళ్ళు తిప్పుకోలేదు.

“మా అమ్మ మూతి,” అన్నాడు మెల్లగా. “అచ్చం మా అమ్మ మూతే. ఇన్నొద్దులు మీసం కింద ఉన్నది, నాకు తెల్వనే లేదు.”

అమ్మ లోపల నుంచి అంది: “సూసింది సాలు. ఇగ బ్లేడు ముట్టొద్దను. మీసం జల్ది పెంచుమను.”

“ఉండనియ్యే,” అన్నాడు నాయన. “ఏ తండ్రన్న పెరిగిన కొడుకును గిట్ల సూస్తడా? నేను వోయినంక ఈ మొఖం బయటవడ్తది. ఊరంత సూస్తది, నేను సూడ. ఇప్పుడు దొర్కింది. జర రెండొద్దులు కండ్ల నిండ సూసుకోనియ్యి.”

అమ్మ గుమ్మం దాకా వచ్చి, తనూ ఒకసారి నా మూతిని చూసి పోయింది. నేను తువ్వాలు మడిచి పక్కన పెట్టాను.

తెల్లారి నేను లేచేసరికి అద్దం కింద వేడినీళ్ళ గిన్నె ఉంది, అమ్మే పెట్టింది. నాయన మంచం గుంజుకొచ్చి నా పక్కనే వేసుకుని కూర్చున్నాడు. నేను పై పెదవి మీద నురగ రాసుకున్నాను.

“ఇగ గియ్యి బిడ్డా,” అన్నాడు.