తోడు

టాటానగర్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని, కోళ్ళ పేగులు కుళ్ళబెట్టే బాక్టీరియా గురించి మా ల్యాబ్‌లోని తెలుగమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. తెలుగు వినబడగానే పక్కనున్న పెద్దావిడ తన కోళ్ళ బుట్టతో సహా నావైపు జరిగింది.

"ఏటమ్మా ఆ జబ్బు? ఈ ఊళ్ళోనే, మాంగో బస్తీలో మా కోళ్ళు పారుకొని సచ్చిపోనాయి. దవాయి ఏసినా ఆగనేదు."

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. విషం చేసే గుణం ఆ బాక్టీరియాలో ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో ఉంటుందని, దాని నకలు అందుకుంటే అంతవరకూ ఏ హానీ చెయ్యని పక్క బాక్టీరియా కూడా విషం కక్కగలదని చెప్పాను.

"ఇచ్చేత్తే దానికాడ తరిగిపోదేటి?"

"తరగదమ్మా. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు."

ల్యాబ్‌లో పిల్లలకి ఇదే మాట హిందీలో, జామన్ అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. ఆవిడ నవ్వలేదు. బుట్ట మూత మీద చెయ్యి వేసింది.

"ఈటికేటీ అవనేదు. ఇయే మిగిలాయి. చక్రధర్‌పూర్‌లో మా సెల్లి కోళ్ళకి తోడుంటాయని పట్టుకెల్తన్నాను." బుట్ట సందులోంచి లోపలికి చూసి అడిగింది. "ఇయ్యీ తోడేనేటమ్మా?"

"పైకి బాగున్నవాటిలోనూ ఉండొచ్చు. పరీక్ష చెయ్యకుండా చెప్పలేనమ్మా," అన్నాను.

ఇంతలో రైలొచ్చింది. ఆవిడ బుట్ట ఎత్తింది, దించింది, నా మొహంలోకి చూసింది. చివరికి మళ్ళీ ఎత్తుకుని ఎక్కింది.

ల్యాబ్‌లో ఇప్పటికీ జామన్ అనే చెబుతున్నాను. ఇంటి దగ్గర, కాసిడీహ్‌లో, పక్కావిడ గిన్నెతో వచ్చి తోడు అడిగినప్పుడు మాత్రం గరిట ఒక్క క్షణం ఆగుతుంది.