ముచ్చట చెబితేనే లడ్డు

శామీర్‌పేటలో సోమయ్య దుకాణంలో మిఠాయి కొనాలంటే జేబులో పైసలుంటే సరిపోదు, నోట్లో ముచ్చట కూడా ఉండాలి. ఇంట్లో ఏ శుభం జరిగిందో మొదటినుంచీ విప్పి చెప్పాలి. అది ఆయనకు నచ్చాలి. అప్పుడుగాని తరాజు పైకి లేవదు. ఒకసారి కరీంనగర్ బస్సు డ్రైవర్ ఇంజను ఆపకుండా దిగి, పరుగున వచ్చి, "అర్ధకిలో జిలేబి, జల్దీ" అన్నాడు. "ఎవలింట్ల? ఏం ఖబర్?" అన్నాడు సోమయ్య. ఊరికే తినాలనిపించిందని ఆ అమాయకుడు నిజం చెప్పేశాడు. ఇక చూస్కోండి, బస్సులో జనం అరిచినా సోమయ్య కరగలేదు. చివరికి కండక్టర్ దిగివచ్చి, తన మరదలికి పెళ్లి కుదిరిందని చెబితేనే జిలేబి దక్కింది, బస్సు కదిలింది.

సృజన ఈ దర్బారుకు మొదటిసారి వెళ్లింది ఏడేళ్ల వయసులో. ఇంట్లో బర్రె ఈనిందని తండ్రి నరసింహ లడ్లు తెమ్మని పంపాడు.

"దుడ్డె ఆడదా, మగదా?" అడిగాడు సోమయ్య.

"సూడలే తాతా."

"సూడకుండనే లడ్లకొస్తివా? పొయ్యి సూసిరా."

పరుగెత్తి వెళ్లి, పరుగెత్తి వచ్చింది. "ఆడదే."

"నుదుటి మీద సుక్క ఉన్నదా?"

మళ్లీ పరుగు. మూడోసారి దుకాణానికి చేరేసరికి అక్కడ ఇంట్లో దుడ్డె లేచి నిలబడింది, ఇక్కడ సృజన "ఉన్నది" అంటూ కూలబడింది. సోమయ్య తృప్తిగా తల ఊపి లడ్లు తూచాడు. తూచినవాడు ఊరుకోక, అందులోంచి రెండు తీసి గల్లాపెట్టె కింద ఉన్న రేకు డబ్బాలో వేసుకున్నాడు.

"గవెందుకు తీస్తున్నవ్ తాతా?"

"ముచ్చట విన్నందుకు నా కూలి."

ఆ కూలి అందరి దగ్గరా తీసేవాడు. ఊళ్లో మాన్యులంతా ఆయన్ను పచ్చి దొంగ అనేవాళ్లు. దొంగే, కానీ మనిషి మాత్రం ఎండిన బెండకాయలా ఉండేవాడు. ఇన్ని లడ్లు తిన్నా ఒంటబట్టడం లేదంటే కడుపులో ఏలికపాములున్నాయని ఊరు తేల్చేసింది. సాయంత్రం డబ్బాను సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని చెరువు కట్ట వైపు పోయేవాడు. చేపల పిచ్చి ఉందన్నమాట, పైగా తీపి తిని కారం తింటాడన్నమాట అని ఆ లెక్క కూడా ఊరే వేసేసింది.

ముచ్చటను బట్టి మిఠాయి. బిడ్డ పుడితే లడ్డు, పరీక్ష పాసైతే మైసూర్‌పాక్, బండి కొంటే జిలేబి. ఏ ముచ్చటా లేని పిల్లలు తామే పుట్టించుకునేవారు. ఒక పిల్లాడి మేనత్త ఒక్క ఎండాకాలంలో రెండుసార్లు కవలల్ని కన్నది. సోమయ్య రెండో జతకు కూడా ఓపిగ్గా పేర్లడిగి, కవలలకు తలా ఒకటని రెండు లడ్లు చేతిలో పెట్టాడు. ఆనాడు ఆ దుకాణం ముందు అబద్ధాలు నేర్చిన వాళ్లలో చాలామంది ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నారు, పైకొచ్చారు.

ప్లాట్లంటే గుర్తొచ్చింది. సృజన హైస్కూలుకు వచ్చేనాటికి శామీర్‌పేటకు రియల్ ఎస్టేట్ గాలి తగిలింది. నరసింహ చెరువు కింది పొలం అమ్మేసి, కొత్త జీపులో కూతురిని ఎక్కించుకుని దుకాణం ముందు దిగాడు.

"ఐదు కిలోల లడ్లు కట్టు సోమయ్యా."

"ఏం ఖబర్ పటేలా?"

"పొలం రిజిస్ట్రేషన్ అయింది."

"కొన్నవా, అమ్మినవా?"

"అమ్మిన. మస్తు రేటొచ్చింది."

సోమయ్య తరాజు కింద పెట్టేశాడు. "అమ్మినోళ్లకు లడ్డు లేదు. కారబ్బూంది ఉన్నది, తీస్కపో."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నరసింహ ముఖం మిరపకాయ బజ్జీలా పొంగింది. "పొలం నాది, పైసలు నావి. నడుమ నీకేందయ్యా?"

"దుకాణం నాది," అన్నాడు సోమయ్య.

ఆ రోజు నుంచి నరసింహ ఇంట్లోకి మిఠాయి మేడ్చల్ నుంచి రావడం మొదలైంది. అక్కడ అద్దాల అల్మారాలు, బంగారు అక్షరాల డబ్బాలు. తూచే కుర్రాడు తలెత్తి చూడను కూడా చూడడు. "ఒక్క ముక్క అడగరు, ఏం మర్యాద!" అని మురిసిపోయాడు నరసింహ. గృహప్రవేశానికి మేడ్చల్ డబ్బా, కొత్త కారుకు మేడ్చల్ డబ్బా. తాను పదో తరగతి పాసైనప్పుడు కూడా మేడ్చల్ డబ్బాయే వచ్చేసరికి సృజనకు ఏడుపొచ్చింది. మార్కులెన్నో ఎవరూ అడగకుండానే స్వీటు తినాల్సి రావడం కంటే అన్యాయం ఏముంటుంది?

ఇంకో మార్పు కూడా వచ్చింది గాని, దాని కారణం ఎవరికీ తట్టలేదు. అంతకుముందు నరసింహ చెరువు కట్ట మీద నడుస్తుంటే, కట్ట కింది గల్లీలో చేపలు పట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు ఎదురొచ్చి రెండు చేతులెత్తి దండం పెట్టేవారు. అదంతా తన తెల్ల చొక్కా మహిమ అనుకునేవాడాయన. ఇప్పుడు చొక్కా ఇంకా తెల్లగా ఉంది, దండాలు మాత్రం లేవు. ఎదుటి పార్టీవాళ్ల కుట్ర అని తేల్చుకున్నాడు.

పంచాయతీ ఎలక్షన్లలో నరసింహ వార్డు మెంబరుగా నిలబడ్డాడు. గెలుపోటములు ఆ కట్ట కింది గల్లీ చేతిలో ఉన్నాయి. పెద్ద కులానికి పెద్ద పరువు, ఓడితే తలెత్తుకునేదెట్లా? కరపత్రాలు మోయడానికి సృజనను వెంటబెట్టుకుని గల్లీలోకి దిగాడు. అక్కడ ఎవరైనా యాదవ్వ మాట దాటరు. ఆ ముసలామె గుమ్మంలో కూర్చుని చేపలు కోస్తోంది. లేవలేదు.

"అవ్వా, ఓటు మనకే గదా."

"మమ్ముల మర్సిపోయినోళ్లకు ఓటెందుకు పటేలా?"

"నేనెప్పుడు మర్సిన?"

యాదవ్వ కత్తి పక్కన పెట్టింది. "బర్రె ఈనితే లడ్డు పంపితివి. నుదుటి మీద సుక్క ఉన్న దుడ్డె అని సెప్పి మరీ పంపితివి. బిడ్డకు చెవులు గుట్టిస్తె పంపితివి, తమ్ముని లగ్గానికి పంపితివి. గిప్పుడు గంత ఇల్లు గడ్తివి, కారు గొంటివి, ఒక్క లడ్డన్న రాలే. పెద్దోనివైతివి, ఇగ మేమెందుకు?"

నరసింహ తన జన్మలో ఆ గల్లీకి ఒక బూంది గింజ పంపిన పాపాన పోలేదు. సృజనకు మాత్రం అర్థమైంది. దుడ్డె నుదుటి చుక్క సంగతి తాను రొప్పుతూ చెప్పింది ఒక్కరికే.

ఇద్దరూ నేరుగా దుకాణానికి వెళ్లారు.

"నా పేరు మీద లడ్లు పంచినవా సోమయ్యా?"

"పేరేంది, లడ్లే నీవి. నా లడ్డు ఫుకట్ల ఎందుకు పంచుత?"

"నన్నడగాలె గదా."

"అడిగితే ఇస్తుంటివా?"

ఈసారి సృజన అడిగింది, "మరి గన్ని ప్రశ్నలెందుకు తాతా?"

"ఊరికె లడ్డు వెడితే బిచ్చమైతది బిడ్డా, ఎవలు ముట్టరు. ముచ్చట సెప్పి వెడితే సుట్టరికమైతది. ఇగ యాదవ్వ సంగతి నీకెరుక లేదు. ఎవల పోలిక, ఏం రంగు, అన్ని అడుగుతది. జవాబు సెప్పకుంటె లడ్డు వాపస్."

"మరి పొలం అమ్మిననాడు లడ్డెందుకియ్యలే?" నరసింహ గొంతు పెంచాడు.

"ఆ పొలంల నాట్లేసింది యాదవ్వ, ఆమె కోడలు. మీ కూలి పోయిందని సెప్పి లడ్డు వెట్టాల్నా?"

అంతలో నరసింహలోని నాయకుడు మేల్కొన్నాడు. "సరే, ఇయ్యాల ఇరవై కిలోలు పంచు."

"ఏం ఖబర్?"

"ఎలక్షన్."

"గది ఖబర్ గాదు, నీ ఓట్ల గరజు. లడ్లియ్యను."

నరసింహ ఓడిపోయాడు. ఎన్ని ఓట్లతోనని అడిగితే, సరిగ్గా ఆ గల్లీ అంత.

తర్వాతి ఏడాది సృజన ఇంటర్ పాసైంది. మేడ్చల్ పోయి స్వీట్లు తెమ్మంది తల్లి పద్మమ్మ. నరసింహ కారు తీశాడు, కూతుర్ని కూర్చోబెట్టుకున్నాడు, సోమయ్య దుకాణం ముందు ఆపాడు. సోమయ్య మార్కులడిగాడు, సబ్జెక్టులవారీగా. సృజన ఒక్కొక్కటీ చెబుతుంటే ఆమె కడుపు నిండిపోయింది. నరసింహ కూడా అప్పుడే విన్నాడు. మైసూర్‌పాక్ తూచి సోమయ్య రేకు డబ్బా వైపు చెయ్యి చాపగానే నరసింహ ఆపాడు.

"నువ్వాగు. నేనే ఇచ్చొస్త."

కూతురిని ఇంటి దగ్గర దింపి, పొట్లం పట్టుకుని కాలినడకన చెరువు కట్ట దిగాడు. దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చాడు. చేతిలో ఆకుల్లో చుట్టిన చేపలు.

"ఏందిది, మైసూర్‌పాక్ ఇచ్చి చేపలు దెచ్చినవా?" అంది పద్మమ్మ.

"యాదవ్వ ఇచ్చింది. మనుమరాలు పుట్టిందట, ఇరవయ్యొకటో దినం రేపేనట. కోడలిది సన్న ముక్కు గని పిల్లకు అవ్వ ముక్కే వచ్చింది. గొంతు గూడ అవ్వదే. పేరు ఇంక కుదర్లే, ఇంట్ల కొట్లాట నడుస్తాంది."

పద్మమ్మ గుడ్లప్పగించింది. సొంత కూతురు ఏ గ్రూపు చదివిందో గుర్తుండని మనిషి. "గివన్ని నీకెట్ల దెల్సు?"

"అడిగిన," అన్నాడు నరసింహ. గడపలో నిలబడ్డ సృజనకు ఆ ముఖం ఎలక్షన్ గెలిచినవాడి ముఖంలాగే కనిపించింది.