బంతి ఎగరని ఊరి జట్టు

మొన్న తాడేపల్లిగూడెంలో మా అమ్మాయిని బాస్కెట్‌బాల్ కోచింగులో దింపి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాను. పిల్లలు సిమెంటు నేల మీద టపటపా బంతులు కొడుతుంటే వినడానికి సరదాగానే ఉండాలి. నాకు మాత్రం పెదనాన్న కూతురు, మా అక్క గుర్తొచ్చింది.

మాది కొల్లేటి లంక. మా మిషన్ స్కూల్లో డ్రిల్లు మేస్టారు మా బాబాయే. ఆయనకు బాస్కెట్‌బాల్ పిచ్చి. ఊళ్లో చూస్తే గజం సిమెంటు నేల లేదు. చర్చి వెనక ఒండ్రు నేలలో రెండు తాటి దూలాలు పాతి, అడుగు తీసేసిన చేపల బుట్టలు వాటికి కట్టాడు. ఆ నేల మీద బంతి వేస్తే లేవదు, అలిగిన అల్లుడిలా అక్కడే కూర్చుంటుంది. అంచేత మేం దాన్ని నేలకు తగలనిచ్చేవాళ్లం కాదు. పడవలోంచి గట్టు మీదకి చేపల బుట్టలు అందించినట్టు చేతి నుంచి చేతికి అందించుకునేవాళ్లం. అదొక గొప్ప పద్ధతని మాకు తెలియదు. గతిలేక నేర్చిన ఆట.

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్లు కొట్టించేసిన ఏడాది ఏలూరులో పోటీలు జరిగాయి. పెదనాన్న చెరువూ అందులో పోయింది. మా జట్టును చూసి అక్కడొకాయన, "సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారు కదండీ, రాత్రికి భోజనాలు చెప్పక్కర్లేదు కదండీ" అని బాబాయిని ఎంతో మర్యాదగా అడిగాడు. సాయంత్రానికి ఆ భోజనాల కోసం ఆయనే పరుగెత్తాల్సి వచ్చింది. బంతి ఎక్కడుందో అవతలివాళ్లు చూసుకునేలోగా అది అక్క చేతిలోంచి బుట్టలో పడేది. లీగులో అన్నీ గెలిచాం. సెమీఫైనల్ వారం తర్వాత. అది గెలిస్తే అక్కకు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు ఖాయమని సెలెక్టరు చెప్పాడు. ఓడితే ఏమిటో మాకు తెలుసు. పెదనాన్న జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలో కూలిపని మాట్లాడుకున్నాడు. అక్కతో సహా ఇంటిల్లిపాదీ వెళ్లాలి.

ఎలాగైనా గెలిపించాలని బాబాయి చేసిన పనే మా కొంప ముంచింది. తాడేపల్లిగూడెంలో తెలిసినవాళ్ల కాలేజీ కోర్టు అడిగి, ఆ వారమంతా సిమెంటు మీద ప్రాక్టీసు పెట్టించాడు. "పట్నం వాళ్లతో ఆటమ్మా, పట్నం వాళ్లలాగే ఆడాలి" అన్నాడు. మొదటిసారి బంతి ఎగిరి మా చేతికి తిరిగొచ్చింది. ఎంత సంబరపడ్డామో చెప్పలేను. అక్కయితే అన్నానికి పిలిచినా ఆపకుండా కొడుతూనే ఉండేది. సెమీఫైనల్లో అందరం అలాగే ఆడాం. మేం బంతి కొట్టుకుంటూ వెళ్లడం, ఏలూరు పిల్లలు తేలిగ్గా లాక్కోవడం. "అందించండమ్మా, అందించండి" అని బాబాయి గొంతు పోయేలా అరిచాడు. మా చేతులు పాత ఆట మరిచిపోయాయి. చిత్తుగా ఓడిపోయాం. మర్నాడే అక్క వాళ్లు సామాను వేసుకుని వెళ్లిపోయారు.

చాలా ఏళ్లకు బాబాయి మంచాన పడ్డాక, ఒకరోజు తోట పని మానుకుని అక్క చూడడానికి వచ్చింది. గెలలు మోసి మోసి ఆమె అరచేతులు కాయలు కాశాయి. ఆ చేతులు చూసి ఆయన ఉండబట్టలేక అడిగాడు: "మిమ్మల్ని సిమెంటు మీదకి తీసుకెళ్లకపోతే గెలిచేవారేనా అమ్మా?"

"లేదు బాబాయండీ. వాళ్లది పెద్ద జట్టు. ఎలా ఆడినా ఓడేవాళ్లమే" అంది అక్క, ఆయన పాదాలు ఒత్తుతూ. ఆయన తేలికపడి కళ్లు మూసుకున్నాడు.

బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు నేనూ అదే అడిగాను. అక్క నా వంక చూడలేదు. "గెలిచేవాళ్లమే" అంది.

ఏళ్లు గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. బాబాయి పోయి కూడా చాలా కాలమైంది. అక్కకు మాత్రం ఆ వారం ఇంకా గడవలేదు.