దీపం ఆరిన పాతర

మొన్న పొద్దున మనవరాలు ఫోనులో వార్తలు చదువుతూ, అవ్వా, మీ ఊరి కొండమీది కోటలో గుప్తనిధుల కోసం తవ్వుతున్న వాళ్లను పోలీసులు పట్టుకున్నారంట అని చెప్పింది. ఇంట్లో అందరూ నవ్వారు. ఈ కాలంలో కూడా ఇట్లాంటి పిచ్చోళ్లు ఉన్నారా అన్నాడు అల్లుడు. నేను మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి, వాళ్లలో ఎవరైనా చచ్చిపోయారా అని అడిగాను. లేదవ్వా, ఎందుకట్లా అడుగుతావు అంది పిల్ల. ఏమీ లేదులే అన్నాను గానీ, ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, ఏదో కూడబలుక్కొని రాస్తాను. నా ఈడు వాళ్లు ఇది చదివితే తమ ఊళ్లో జరిగిన ఇట్లాంటిదే ఒకటి గుర్తు తెచ్చుకుంటారని నాకు తెలుసు.

మాది ముదిగుబ్బ సంతకు నడిచి పోయి, నడిచి రాగలిగినంత దూరంలో ఒక చిన్న ఊరు. ఊరి వెనకాల కొండ, కొండ మీద కోట. ఏ రాజు కట్టించాడో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొదటి వాకిలి దగ్గర రాతిలో చెక్కిన ఆంజనేయస్వామి, ఆ పైన సగం కూలిన బురుజులు, పైకప్పు లేని మంటపం, ఏనుగులు కట్టేవాళ్లంటారే, ఆ రాతి స్తంభాలు, ఇంకా పైకి పోతే దోన. దోన అంటే బండలో తనంతట తాను ఏర్పడిన గుంట, వానాకాలం నీళ్లు అందులో ఏడాది పొడుగునా నిలుస్తాయి. ఇప్పుడు జనం సెలవు రోజుల్లో కోటలు చూడటానికి పోతున్నారు. మేము కసువు కోసం, అంటే గొడ్లకు గడ్డి కోసం, పోయేవాళ్లం. కోట గోడల నడుమ, మనుషులు తొక్కని చోట, బోద కసువు పెరిగేది. కరువు రోజుల్లో కింద నేలంతా గట్టిపడిపోయి పుల్ల కూడా దొరకనప్పుడు, ఆ ఎండు బోదే గొడ్లకు దిక్కు.

పాతర అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. ఇంటి ముందో, రచ్చ దగ్గరో భూమిలో లోతుగా గుంట తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన బండ కప్పి మట్టితో మెత్తేవాళ్లు. గింజలు ఏళ్ల తరబడి చెడకుండా ఉండేవి. కానీ మూత తీయగానే దిగితే మనిషి బతకడు, లోపలి గాలి చంపేస్తుంది. అందుకని మూత తీసి ఒక పూట వదిలేసి, తర్వాత తాడుకు కట్టి దీపం దించేవాళ్లు. దీపం వెలుగుతూ ఉంటే దిగొచ్చు. ఆరిపోతే ఇంకా ఆగాలి. మా ఊళ్లో ఎవరి పాతర తీయాలన్నా మా నాయనను పిలిచేవాళ్లు. ఆ పనిలో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. ఒకసారి పెండ్లి ఇంట్లో చుట్టాలు ఆకుల ముందు కూర్చోవడానికి వచ్చేశారు, గింజలు ఇంకా పాతరలోనే ఉన్నాయి, ఇంటాయన కేకలు వేస్తున్నాడు. దీపం ఆరిపోయిందని నాయన ఆ గుంటకు అడ్డంగా మంచం వేయించుకొని దానిమీద పడుకున్నాడు. పెండ్లివారు ఆకలితో మండిపడినా సరే, సాయంత్రం దాకా లేవలేదు.

నేను చెప్పే కాలానికి ఊళ్లో పాతరలన్నీ ఒట్టి గుంటలై పోయాయి. వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్లవి. సర్కారు గంజి పోస్తుంటే ముంతలు పట్టుకొని వరసలో నిలబడ్డాం. మా ఇంట్లో ఒక జత ఎద్దులుండేవి, ఒకటి ఎర్రటి పుల్లది, ఒకటి బూడిదరంగు మైలది. దూడలప్పటి నుంచి మా అన్న సాకినవి. కబేళాకు తోలే దళారులు ఊరూరా తిరుగుతున్నారు. ఎద్దుల మాట ఎత్తితే చాలు, ముందు నన్నమ్ముకోండి అనేవాడు అన్న. అవి పోతే రేపు వాన పడినా దున్నేది దేనితో అని ఆయన దిగులు. ఆ దిగులుతోనే మేము రోజూ కొండ ఎక్కేవాళ్లం, అన్న, వదిన, చిన్నాయన, నేను. నాకప్పటికి పెండ్లి కాలేదు, మోపు కట్టడంలో మాత్రం వదినతో సమానం.

వదిన కొత్త కోడలు. మనిషి సన్నగా ఉన్నా నోరు గట్టిది. చిన్నాయనకేమో నిధుల పిచ్చి, కోటలో ఏ రాయి చూసినా దాని కింద బంగారం ఉందనేవాడు.

“ఏమ్మా కోడలా, కొడవలి ఆడించేటప్పుడు కింద కూడా రోంత చూడు. రాజులు పోతా పోతా బంగారు పాతిపెట్టి పోయినారంట.”

“రాజులు పోతా పోతా ఒక మోపు కసువు పెట్టి పోయింటే బాగుండు చిన్నమామా. నీ బంగారు ఎద్దు తింటుందా?”

అన్న నవ్వేవాడు. ఆ ఏడాది మా ఇంట్లో వినబడిన నవ్వు అదొక్కటే.

ఆ శనివారం పొద్దున పుల్ల ఎద్దు పడిపోయింది. నలుగురూ కలిసి కడుపు కింద కట్టె పెట్టి ఎత్తినా నిలబడలేదు. నాయన చాలాసేపు దాని పక్కన గొంతుక్కూర్చొని, పొద్దుగూకే లోపల దళారిని రమ్మని కబురు పంపించాడు. అన్న కొడవలి తీసుకొని కొండ దారి పట్టాడు. ఎప్పుడూ మాతో రాని నాయన ఆ రోజు మా వెనకాలే వచ్చాడు. ఇంట్లో కూర్చొని ఆ ఎద్దు కళ్లలోకి చూడలేక వచ్చాడని నేననుకుంటాను.

వదిన ఆంజనేయస్వామికి దీపం పెట్టాలని ప్రమిద, వత్తి, నూనె బుడ్డి, అగ్గిపెట్టె చెంగున కట్టుకొని తెచ్చింది. దండం దిగేటప్పుడు పెట్టుకుందాంలే, ముందు కసువు కోద్దామని మంటపం వెనక్కి పోయాం. అక్కడే ఆమె కొడవలి బండకు తగిలింది. తగిలితే మామూలు రాయి పలికినట్లు పలకలేదు, ఖాళీ కుండ పలికినట్లు పలికింది. చిన్నాయన మోపు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మట్టి గోకితే చదరంగా చెక్కిన బండ. చిన్నాయన నిధుల ఆశతో రోజూ వెంట తెచ్చుకునే గడారి, అదే గునపం, వేసి అన్న, ఆయన దాన్ని పక్కకు జరిపారు. కింద గుండ్రంగా, నున్నగా గచ్చు చేసిన గుంట, అడుగు కనబడటం లేదు. కోటలో వాళ్లు గింజలు దాచుకున్న పాతరే అది, చూస్తూనే నాయనకు తెలిసిపోయింది. కానీ జొన్నల వాసన లేదు. కుళ్లిన ఆకుల వాసన ఏదో సన్నగా వచ్చింది.

నాయన అలవాటు కొద్దీ వదిన దగ్గర ప్రమిద అడిగి తీసుకున్నాడు. మోపులు కట్టే తాడుకు దాన్ని కట్టి మెల్లగా దించాడు. మేమంతా వంగి చూస్తున్నాం. మనిషెత్తు దిగిందో లేదో, ఎవరో నోటితో ఊదినట్లు ఆరిపోయింది. పైకి లాగి వెలిగించి మళ్లీ దించాడు. మళ్లీ ఆరిపోయింది.

ఊళ్లో అయితే ఆయన ఆ క్షణమే మూత వేయించేవాడు. అప్పుడు చిన్నాయన, ఎవరికో వినబడుతుందేమో అన్నట్లు గొంతు తగ్గించి మాట్లాడాడు.

“అన్నా, గింజలుంటే గదా గాలి చెడేది? ఈడ గింజ యాడుండాది? ఇది గాలి పని గాదు. లోపల నిధికి కాపలా ఉండే భూతం ఊదింది. ఏమీ లేని తావున కాపలా ఎందుకుంటాదప్పా?”

నాయన మాట్లాడలేదు. ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టనిది ఆ మాట్లాడకపోవడమే. దీపం ఆరితే దిగకూడదని ఊరందరికీ నేర్పినవాడు. కానీ ఊరి పాతరలో ఆరితే గాలి, కోట పాతరలో ఆరితే నిధి, ఈ రెండు మాటలూ మేము చిన్నప్పటి నుంచి విన్నవే, రెండూ నమ్మినవే. ఒకదానికొకటి ఎదురు వస్తాయని ఎవరికీ ఎప్పుడూ తోచలేదు. అప్పటికి కింద ఇంటి ముందర ఎద్దు పడి ఉంది, దళారి బయలుదేరి ఉంటాడు.

అన్న పంచె ఎగ్గట్టి నాయన మొహం వైపు చూశాడు. పెండ్లయినా సరే, ముదిగుబ్బ సంతకు పోవాలన్నా నాయన సరే అంటేనే గడప దాటే మనిషి ఆయన. నాయన దిగమనలేదు, వద్దనలేదు. మోపుల తాళ్లు కలిపి పేనిన మోకు కొస తీసి అన్న చేతిలో పెట్టాడు.

“ఏమ్మే,” అన్నాడు అన్న వదినతో, “నీకు ముక్కుపుడక కావల్నా, ఎద్దుకు కసువు కావల్నా? ఇప్పుడే చెప్పు, రెండోసారి దిగేది నాతో గాదు.”

“ముందు నువ్వు పైకి రా, రెండూ కావల్ల,” అంది వదిన.

మోకు పట్టుకొని దిగాడు. తల కనబడినంత సేపు పైకి చూస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి, “ఈడ ఏమీ…” అన్నాడు. అంతే. మోకు బరువు తగ్గి వదులైంది, కింద మెత్తగా ఏదో పడిన చప్పుడైంది. చిన్నాయన ఓరి నా కొడకా అంటూ దూకబోయాడు. నాయన ఆయన జుట్టు పట్టుకొని వెనక్కి లాగి కసువులో పడేశాడు.

“దిగితే నువ్వూ పోతావురా! గాలి, గాలిరా అది!”

తర్వాత జరిగినవన్నీ పాతర పని తెలిసిన మనిషి చేయాల్సిన పనులే, నాయన ఒక్కటీ మరిచిపోలేదు. భుజం మీది కంబళి తాడుకు కట్టి లోపలికి దించి, పైకి లాగి గాలి ఆడించాడు. నీళ్లు పోయాలి, దోన దగ్గరికి పరుగెత్తండి అని మమ్మల్ని తరిమాడు. దోన అడుగున కాసిని పచ్చటి నీళ్లు, అవి అక్కడ గొర్రెలు మేపుతున్న ముసలి కాపరి మంద కోసం దాచుకున్నవి. మేము ముంతలతో, తడిపిన కోకలతో ఆ నీళ్లన్నీ మోసి ఆ గుంటలో పోస్తుంటే ఆ ముసలాయన అడ్డు చెప్పలేదు సరికదా, తన తలగుడ్డ కూడా తడిపి ఇచ్చాడు. చివరికి దీపం నిలిచింది. చిన్నాయన నడుముకు మోకు కట్టించుకొని దిగి అన్నను పైకి చేర్చాడు. ఒంటిమీద చిన్న దెబ్బ లేదు, నిద్రపోతున్న మనిషిలాగే ఉన్నాడు. గుంట అడుగున కుళ్లిన ఆకులు, బురద తప్ప ఏమీ లేవు.

మేము కోసిన బోద మోపులు కట్టెల మీద పరిచి, వాటి మీదనే అన్నను కిందికి తెచ్చారు. దళారి వచ్చి, ఇంటి ముందు జనాన్ని చూసి, ఏమీ అడగకుండానే వెనక్కి పోయాడు. అన్నను మట్టి చేసి వచ్చిన తర్వాత వదిన ఎవరూ చెప్పకుండానే లేచి, ఆ మోపులు విప్పి ఎద్దుల ముందు వేసింది. ఇంట్లో వేరే కసువు లేదు మరి. మరుసటి పొద్దున పుల్ల ఎద్దు తనంతట తాను లేచి నిలబడింది. అది చూసి మా అమ్మ ఏడ్చిన ఏడుపు, అన్న శవాన్ని చూసినప్పుడు కూడా ఏడవలేదు.

అన్న కర్మలు కాగానే మళ్లీ అదే కొండ ఎక్కాం. ఎక్కక ఏం చేస్తాం? వాన పడేదాకా ఎద్దులు బతకాలి. బతికాయి కూడా. వానలు వచ్చినప్పుడు నాయన వాటితో దున్నాడు, వెనకాల విత్తనం వదిన వేసింది. ఊళ్లో వాళ్లు కోటలో కాపలా ఉండేది బలి తీసుకుందన్నారు, గుంట చూపించింది కోడలే గదా అని ఆమెను కూడా అన్నారు. పుట్టింటి వాళ్లు వచ్చి పిలిచినా ఆమె పోలేదు. నాయన మళ్లీ ఏ పాతర దగ్గరికీ పోలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి సంగటి తింటూ ఏళ్లకేళ్లు వాళ్లిద్దరూ బతికారు. ఆ రోజు సంగతి మాత్రం ఒకరితో ఒకరు ఎత్తుకున్నట్లు నేనెరుగను.

నాయన మంచాన పడినప్పుడు నేను అత్తగారింటి నుంచి వచ్చి ఉన్నాను. ఒక మధ్యాహ్నం వదిన ఆయనకు గంజి తాగిస్తోంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకొని ఆపాడు.

“నేను వద్దని ఉంటే వాడు దిగకుండెనమ్మా.”

వదిన రెండో చేత్తో గంజి కలుపుతూనే ఉంది.

“మీరు వద్దన్యా దిగేటోడే మామా. ఆయప్ప ఎవురి మాట విన్యాడు గనక?”

మా అన్న జన్మలో నాయన మాట దాటలేదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు, నాయనకు మాకంటే బాగా తెలుసు. ఆయన ఆమె చెయ్యి వదిలాడు. తర్వాత నోరు తెరిచి మిగిలిన గంజి తాగాడు.

ఇప్పుడు మా పక్క ఊళ్లలో పాతరలు పూడ్చేసి పైన సిమెంటు పరిచారు. బోర్లు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి, గంజి కోసం వరసలో నిలబడే బాధ పిల్లలకు లేదు, అందుకు నాకు సంతోషమే. కానీ ఇళ్లలో ఏదైనా జరిగితే, తప్పు ఎవరిదో తేలేదాకా ఒకరినొకరు వదిలిపెట్టడం లేదు. తేలిన తర్వాత మొహాలు చూసుకోవడం లేదు. వదిన కూడా పోయి చాలా కాలమైంది. తన మొగుణ్ణి పోగొట్టుకొని, ఆ ముసలాయన గొంతులో గంజి దిగడానికి చచ్చిపోయిన ఆ మంచి మనిషిని మాట విననివాడిగా చేసి చెప్పింది. నాకు అంత మనసు లేదు. ఆ రోజు ఆమె స్థానంలో నేనుంటే, అవును మామా అని ఉండేదాన్ని.