శనివారం చివరి పీరియడ్

మొన్న పొద్దున జగిత్యాలలో మా ఇంటికి కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. మా సోషల్ సార్ పోయారని ఆయన కోడలు చెప్పింది. వినగానే నాకు ఏడుపు కంటే ముందు సిగ్గు వచ్చింది.

సిరిసిల్లలో ఒకే బడిలో ఏళ్ల తరబడి పనిచేశాం. ఆయన సోషల్, నేను లెక్కలు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసి, ఆ గోరంతదాన్నీ జేబులో వేసుకునేవారు. నా డబ్బా ఖాళీ అయిన రోజు ఆ ముక్కలే తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు.

శనివారం చివరి పీరియడ్‌లో మాత్రం సుద్ద ముట్టేవారు కాదు. "మీకేం తెల్సుకోవాల్నని ఉందో గది జేసుకోండ్రి" అని పిల్లలకు వదిలేసి, వెనక బెంచీ మీద కూర్చునేవారు. ఒకరు చీమల వెంట పడేవారు, ఒకరు పాత రేడియో విప్పేవారు. ఇప్పుడు మా మనవరాలి బడిలో దీనికే ఇంగ్లీషు పేరు పెట్టి, రంగుల కాగితం మీద అచ్చేశారు. సార్ దానికి పేరు పెట్టలేదు.

నా కంటికి అది ఖాళీ పీరియడ్. పరీక్షలు దగ్గరపడితే ఖాళీ పీరియడ్ లెక్కల టీచర్‌దేనని మా బడుల్లో అందరికీ తెలుసు. నాకు పరీక్షలు జూలైలోనే దగ్గరపడేవి.

"సార్, గీ ఒక్క పీరియడ్ ఇయ్యరాదుండ్రి. గిట్ల ఆడుకుంట కూసుంటే లెక్కలు ఎవలు జేస్తరు?" అనేదాన్ని తలుపు దగ్గర నిలబడి.

"మనమడిగిన దానికి జవాబు జెప్తే మార్కులస్తయి మేడం. ఆళ్లే అడుగుడు ఎప్పుడు నేర్సుకుంటరు?" అని నవ్వుతూనే లేచి వెళ్లిపోయేవారు. కాదని ఉంటే పోట్లాడేదాన్ని. పోట్లాడితే కాస్త ఆలోచించేదాన్నేమో.

ఒక శనివారం ఒక అమ్మాయి నోట్‌బుక్ నిండా చేతుల బొమ్మలు వేస్తోంది. "మెహందీ డిజైన్లా? బీజగణితం రానోళ్లకు మెహందీ ఒక్కటే తక్కువైంది" అన్నాను. క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. ఆ పిల్ల నోట్‌బుక్ మూసేసింది. ఆ ఏడు మిగిలిన శనివారాలన్నీ నేనే తీసుకున్నాను.

సార్ చివరి చూపుకు కోరుట్ల వెళ్తే, ఆ చేతుల బొమ్మల అమ్మాయి కూడా వచ్చింది, ముసలి తండ్రిని వెంటబెట్టుకుని. ఉండబట్టలేక అడిగేశాను.

"అప్పుడు గా చేతుల బొమ్మలు ఏంది బిడ్డా?"

"సాంచల షెడ్డుల మాట ఇనరాదు గద మేడం. మగ్గాల చప్పుడుకు మా బాపోళ్లు చేతులతోనే మాట్లాడుకుందురు. పోగు తెగితే ఒకటి, ఛాయ్ తెమ్మంటే ఒకటి. గవన్ని బొమ్మలేద్దామనుకున్న. సార్ మా షెడ్డుకచ్చి కూసుందురు గూడ."

"పూర్తి జేసినవా?"

"ఏడ మేడం? మీరు లెక్కలల్ల ఫస్ట్ దెప్పిచ్చిండ్రు గద."

వెటకారమైతే తట్టుకునేదాన్ని. ఆమె మనస్ఫూర్తిగానే అంది.

"ఇప్పుడన్న ఏయరాదు?"

"బాపు దోస్తులు శానమంది పోయిండ్రు. ఆయనకు గూడ సగం యాదికి లేవు."

తప్పు నాదే బిడ్డా అందామని నోరు తెరిచాను. అప్పుడే డప్పులు మొదలయ్యాయి. నా మాట నాకే వినబడలేదు. ఆమె వాకిలి అవతల నిలబడ్డ తండ్రి వైపు తిరిగి, రెండు వేళ్లు కలిపి మెల్లగా విడదీసింది. ఆయన తలూపి, చేత్తోనే ఏదో జవాబు చెప్పాడు. పాడె లేచింది. అంత చప్పుడులోనూ వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే నడిచారు.