నా ఉమ్మి చెప్పిన సాక్ష్యం

ఒక మనిషిని దొంగ అని తేల్చాలంటే పోలీసులు కావాలి, సాక్షులు కావాలి, కనీసం వాసన పట్టే కుక్కయినా కావాలి. నన్ను దొంగగా తేల్చడానికి నా నోట్లోని ఉమ్మి చాలింది. అదీ నేనే పెట్టిన పరీక్షలో, నేనే పిలిచిన జనం ముందు, నేనే బోధించే పాఠం ఆధారంగా. తన పరువును ఇంత శ్రద్ధగా తానే తీసుకున్న మనిషి మేడ్చల్‌లో ఇంకొకరుంటే వచ్చి కలవండి, చాయ్ తాగిస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. మేడ్చల్‌లో కింద సిమెంటు దుకాణం, పైన తరగతి గదులు ఉన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. ఆ వారం పాఠం స్వయంచోదిత నాడీవ్యవస్థ. నాకు ఆ పాఠమంటే పిచ్చి. ఇప్పటికీ అంతే. ఒక్కసారి ఆలోచించండి. మీరిది చదువుతుంటే మీ గుండె కొట్టుకుంటోంది, మీరేమైనా చెప్పారా? పొద్దున తిన్న ఉప్మాను పేగులు ముందుకు తోస్తున్నాయి, మిమ్మల్ని అడిగాయా? ఎండలోకి వెళ్తే కంటిపాప దానంతటదే చిన్నదవుతుంది, ఒళ్లు దానంతటదే చెమటలు కక్కుతుంది. మన ఒంట్లోనే మనకు ఓటు హక్కు లేని ప్రభుత్వం ఒకటి నడుస్తోంది. అందులో రెండు పక్షాలు. భయం వేస్తే సహానుభూత నాడులు లేచి గుండెను ఉరికిస్తాయి, కడుపు పని ఆపేస్తాయి, నోరు ఎండబెడతాయి. భయం తీరాక సహానుభూత పర నాడులు వచ్చి గుండెను నెమ్మదిగా నడిపించి, నోట్లో నీళ్లూరించి, "తిని పడుకో బిడ్డా" అంటాయి. ఇంత తెలిసినవాడికి ఇంకొక్క సంగతి కూడా తెలిసి ఉండాల్సింది. అక్కడికే వస్తున్నాను.

మా ప్రిన్సిపాల్ సార్ ఇల్లు బహదూర్‌పల్లిలో. నేను సూరారంలో గది తీసుకుని, పక్క సందులో ఒక అక్క నడిపే మెస్‌లో డబ్బా కట్టించుకునేవాణ్ణి. ఇద్దరివీ ఒకే రకం మూడు గిన్నెల స్టీలు డబ్బాలు, ఇద్దరివీ ఒకే బట్టల దుకాణం ఇచ్చిన సంచులు. రెండూ కాలేజీ వ్యాన్‌లో వచ్చి స్టాఫ్‌రూమ్ గోడకున్న రెండు మేకులకు వేలాడేవి. మొదటి మేకు నాది, రెండోది ఆయనది. నాలుగో పీరియడ్ నాకు క్లాసు కాబట్టి నేను ముందే ఒక్కణ్ణే తినేసి వెళ్లేవాణ్ణి.

ఆ సోమవారం వ్యాన్‌కు కొత్త డ్రైవర్ వచ్చాడు. అదే సోమవారం, వారానికి నాలుగు రోజులు దొండకాయ పెట్టే మా మెస్ అక్కకు ఏ దేవుడు పూనాడో కానీ చేపల పులుసు పెట్టింది. మంగళవారం మళ్లీ చేపలే. బుధవారం వేపుడు. నన్ను సొంత తమ్ముడిలా చూసుకుంటోందని మురిసిపోయి, ముల్లు కూడా వదలకుండా చప్పరించాను.

మీకు ఈపాటికి ఏదో వాసన తగిలి ఉంటుంది. నాకు తగల్లేదు. ఎందుకో చెప్తాను.

బుధవారం క్లాసు ముగించుకుని వచ్చేసరికి ప్రిన్సిపాల్ సార్ తెరిచిన డబ్బా ముందు నిలబడి ఆయా ఎల్లవ్వను నిలదీస్తున్నారు.

"మూడు దినాల సంది నా కూర ఎవలో తీస్తాండ్రు, ఎల్లవ్వా. తీసి, గీ దొండకాయ పెడ్తాండ్రు. పొద్దంత ఈ రూంల నువ్వు గాక ఇంకెవలుంటరు?"

"నేనెందుకు తీస్త సార్. నా సద్ది నేను తెచ్చుకుంటనాయె."

లెక్కల సారు నర్సింలు పేపర్లు దిద్దుతున్నవాడు తలెత్తాడు. "ఇంతకు ఏం కూర పోయింది సార్?"

ప్రిన్సిపాల్ సార్ కొంచెం తడుముకున్నారు. "బీరకాయ."

ఆయనది బీరకాయే అయి ఉండాలి మరి. ఇంటర్ ఫలితాలు వచ్చేదాకా నీసు ముట్టనని తల్లిదండ్రుల మీటింగ్‌లో మైకు పట్టుకుని మొక్కిన మనిషి. అందుకే నా చేపలకూ ఆయన బీరకాయకూ మధ్య నా బుర్రలో ఏ నాడీ కలవలేదు. నాకు కలిగిందల్లా కుతూహలం. బీరకాయ ఎత్తుకెళ్లి దొండకాయ పెట్టిపోయే దొంగ ఎలాంటివాడై ఉంటాడు? వాడి మనసు ఎలా పనిచేస్తుంది?

"రేపటిదాంక చూస్త. ఒప్పుకోకపోతే శుక్రారం నుంచి రాకు," అన్నారు సార్.

ఎల్లవ్వది శామీర్‌పేట. చెరువులో చేపలు పట్టే కుటుంబం. భర్త నడుము పడిపోయాక ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆమె చీపురు అక్కడే వదిలి మెట్ల కిందికి వెళ్లి ఏడుస్తుంటే నేను చూడలేకపోయాను. ఆ జాలిలోంచే నా తెలివి పుట్టింది. జాలి మంచిదే, తెలివే కాస్త ఆగి పుట్టాల్సింది.

"సార్, దొంగను నేను పట్టిస్త," అన్నాను.

"ఎట్ల?"

"బియ్యం నమిలిచ్చి. ఎనుకట ఊర్లల్ల చేస్తుండిరి. తప్పు చేసినోనికి లోపట బుగులుంటది. బుగులుంటే నోరెండుతది, నమిలిన బియ్యం పొడిపొడిగనే బయటికొస్తది. చెయ్యనోనిది మంచిగ ముద్దయితది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకోకుండ ఆపుకోవచ్చు సార్. ఉమ్మి మాత్రం మన చేతుల లేదు."

"ఇది సైన్సేనా?"

"పదమూడో పాఠం సార్. నాడులు అబద్ధం చెప్పయి."

"తప్పితే?" అన్నాడు నర్సింలు. లెక్కలవాళ్లకు ఇదొక రోగం, దేనికైనా తాళా వేసి సరిచూడమంటారు. నేను పట్టించుకోలేదు. ఎల్లవ్వ దగ్గరికి వెళ్లి ధైర్యం చెప్పాను. "ఫికర్ పెట్టుకోకు ఎల్లవ్వా. నువ్వు తియ్యలేదు గదా, నీ నోరే సాక్ష్యం చెప్తది." ఆమె నన్ను అదోలా చూసి, "సరే సార్," అంది.

గురువారం మధ్యాహ్నం బల్ల మీద నాలుగు కాగితాలు పరిచాను. ప్రిన్సిపాల్ సార్, నర్సింలు, ఎల్లవ్వ, నేను. తలా గుప్పెడు బియ్యం.

"నాకెందుకయ్యా? నా కూర నేనే దొంగతనం చేసుకుంటనా?" అన్నారు సార్.

"పోలికకు సార్. ప్రయోగమంటే అందరు ఉండాలె."

కాదంటే బాగుండదని ఆయనా నోట్లో వేసుకున్నారు. నర్సింలు గడియారం పట్టుకున్నాడు. రెండు నిమిషాలు. నమలడం మొదలుపెట్టాం, స్టాఫ్‌రూమ్ పశువుల కొట్టం అయింది.

అర నిమిషం గడిచాక ఎల్లవ్వ వైపు చూశాను. కొంగు ముడిని పిడికిట్లో బిగించి, సార్ ముఖం వైపే బెదురుగా చూస్తూ నములుతోంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, తెలిసి ఉండాల్సిన ఆ సంగతి నాకు తెలిసింది. నాడులకు భయం వచ్చిందని తెలుస్తుంది. ఎందుకు వచ్చిందో తెలియదు. దొరికిపోతానని దొంగ భయపడినా, బతుకుదెరువు పోతుందని అమాయకురాలు భయపడినా గుండె ఒకేలా ఉరుకుతుంది, నోరు ఒకేలా ఎండుతుంది. ఆ గదిలో అందరికంటే ఎక్కువ భయపడుతున్నది ఎల్లవ్వే. అంటే ఆమె నౌకరీని నేనే, సైన్సు పేరు చెప్పి, ఊడగొట్టబోతున్నాను.

ఇక చూడండి. నా గుండె డబడబా కొట్టుకుంది. అరచేతులు తడిశాయి. ఉన్న తడంతా చేతులకే పోయిందేమో, నోరు మే నెలలో సూరారం నల్లాలాగా గాలి తప్ప ఏమీ వదలడం లేదు. బియ్యం ఇసుకలాగా కరకరలాడుతోంది. మింగలేను, ఆపలేను.

"ఇగ ఉమ్ముండ్రి," అన్నాడు నర్సింలు.

నర్సింలుది ఇడ్లీ వేయొచ్చు, అంత మెత్తగా ఉంది. ఎల్లవ్వదీ మెత్తటి ముద్దే. నా ప్రాణం లేచి వచ్చింది. ప్రిన్సిపాల్ సార్‌ది సగం పొడి, ఆయన చప్పున కాగితం మడిచేశారు. నాది మాత్రం దుకాణంలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. కాస్త నూకలయిందంతే, కడిగి వండుకోవచ్చు.

"పదమూడో పాఠం ఏమంటది సార్?" అని నర్సింలు నన్ను నెమ్మదిగా అడిగాడు.

"ఏమంటదేంది, దొంగ దొరికిండు," అన్నారు ప్రిన్సిపాల్ సార్.

"సార్, అది బుగులుకు ఎండింది..."

"బుగులు దొంగకే ఉంటదంటివి గదా నిన్న."

"నా డబ్బా చూడుండ్రి సార్. బీరకాయ ముక్క ఒక్కటి కనవడ్డా రేపే రాజీనామ ఇస్త."

ఎల్లవ్వ మొదటి మేకు మీది సంచి దించి డబ్బా తెరిచింది. బీరకాయ లేదు. ముళ్లున్నాయి. ఆమె ఒక ముల్లు తీసి వెలుతురుకు పెట్టి చూసింది.

"గిది కొర్రమట్ట ముల్లు. మీ మెస్ల కొర్రమట్ట పెడ్తున్నరా సార్?"

"అక్క నాలుగు దినాల సంది చేపలే పెడ్తాంది."

"కొర్రమట్ట ఎంత పిరమో మీకెరుక లేదు. మేం పట్టుడే గాని మేం గూడ తినం." ఆమె గిన్నెను బోర్లించింది. "ఎనుక ఏదో పేరు కొట్టిచ్చిన్రు. నాకు సదువు రాదు, మీరు సదువుండ్రి."

మన ఇళ్లలో స్టీలు గిన్నె మీద పేరు కొట్టించకుండా ఎవరూ వదలరు. చదివాను. మళ్లీ చదివాను. నర్సింలు గిన్నె లాక్కుని పైకి చదివాడు. "చిరంజీవి సౌభాగ్యవతి సులోచనకు అమ్మానాన్నల దీవెనలతో."

సులోచన గారు ప్రిన్సిపాల్ సార్ భార్య. కొత్త డ్రైవర్ సోమవారం నుంచీ సంచులు తారుమారుగా తగిలిస్తున్నాడు, సాయంత్రం అదే లెక్కన ఎవరిది వారింటికి చేరుస్తున్నాడు. నాలుగు రోజులుగా ఆయన చేపలు నేను, నా దొండకాయ ఆయన.

నర్సింలు ముల్లును చూశాడు, సార్‌ను చూశాడు. "శామీర్‌పేట చెరువుల కాసే బీరకాయ మస్తు రుచుంటది సార్."

ప్రిన్సిపాల్ సార్ ముఖం ఎర్రబడింది. నుదుటి మీద చెమట బొట్లు లేచాయి. ఏదో చెప్పబోయి రెండుసార్లు గుటక వేశారు. నా పరువు పోయి నిలబడ్డా నా కళ్లు ఊరుకోలేదు, పాఠంలోని ఒక్కో వాక్యాన్నీ ఆయన ముఖం మీద చదువుకున్నాను.

"ఈ ముచ్చట ఇక్కడ్నే బంద్," అన్నారాయన చివరికి. "ఎల్లవ్వ రోజు లెక్కనే వస్తది. అందరు క్లాసులకు నడువుండ్రి."

సాయంత్రం ఎల్లవ్వ చాయ్ తెచ్చిచ్చింది. ఆమె ముఖం చూడటానికి నాకు సిగ్గేసింది.

"తప్పయింది ఎల్లవ్వా. ఒకటి మాత్రం సమజైతలేదు. నీకు గంత బుగులుండె గదా, నీ నోరెట్ల ఎండలే?"

ఆమె కొంగు ముడి విప్పి చూపించింది. గోలీ అంత చింతపండు ఉంది.

"ఇందులకెల్లి జర దౌడకు పెట్టుకున్న సార్. నేను తీసిన్నో లేదో నా నోటికేం ఎరుక? నౌకరి పోతదన్నదే దానికెరుక." కప్పు తీసుకుని వెళ్తూ వెళ్తూ ఆగింది. "మీకు గూడ చిన్న ముక్క ఇద్దామనే అనుకున్న. సైన్స్ సార్ గదా, అక్కెర పడదనుకున్న."

కాబట్టి ఓ పాఠకులారా, నా మూడు జతల లాలాజల గ్రంథులను సాక్షిగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషి నేరాన్నీ వాళ్ల నాడులను అడిగి తేల్చను. ఎవరి నోటికీ పచ్చి బియ్యం అందించను. ఒకవేళ ఖర్మ కాలి అందించాల్సే వస్తే, ముందుగా ఎల్లవ్వను అడిగి, నా దవడకు చింతపండు పెట్టుకునే అందిస్తాను.