బిగించి అల్లిన శాలువా

ఇన్నాళ్లూ ఇది రాయలేదంటే, నాకు అక్షరాలు రాకపోవడమే కారణం. ఎనిమిదేళ్లకే తిరుత్తణిలో మా నాయన మగ్గం పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నదాన్ని, పెళ్లయ్యాక అత్తగారింట్లో మగ్గం గుంటలో కాళ్లు పెట్టినదాన్ని, అరవై దాటాక నగరి నుంచి వచ్చిన కోడలు చెయ్యి పట్టి దిద్దిస్తే ఇప్పుడు రాస్తున్నాను. నిన్న ఆ అమ్మాయి నా నోటుబుక్కు తిప్పి చూసి, ఇంత ఒత్తి రాస్తే ఎట్లత్తా, అవతలి పేజీలో గూడా అచ్చు పడతా ఉండాదే అని నవ్వింది. ఆ మాటకు మా అత్తగారి శాలువా గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో అనుకుంటాను, ఆమె దగ్గుతో మంచం పట్టింది. దుప్పటి బరువు రొమ్ము మీద ఆనితే ఊపిరాడదనేది. వెచ్చగా, తేలికగా ఏదైనా కప్పకపోతే మార్గళి నెల చలి దాటదని నా భయం. పట్టాభిరామ్‌లో ఉన్న ఆడబిడ్డ వచ్చి, ఊలు అల్లడం నేర్పి, తన దగ్గర మిగిలిన ఎరుపు, పసుపు, పచ్చ, నీలం ఉండలు ఇచ్చిపోయింది. పొద్దంతా నేసి నడుము పట్టేసినా, అన్నం ఉడికేలోపు నాలుగు వరసలు, గంజి పెట్టిన నూలు ఆరేలోపు నాలుగు వరసలు, చారలు చారలుగా అల్లాను.

నేత వదులైతే షావుకారు దగ్గర్నుంచి చీర వెనక్కి వచ్చే ఇల్లు మాది. పోగు గట్టిగా కొట్టు, ఇంకా గట్టిగా కొట్టు అని అత్తగారే నా వెంటబడేది. ఆ చెయ్యే ఊలు మీదా పడింది. పూర్తయిన సాయంత్రం కప్పబోతే శాలువా ఒంటికి అంటుకోక చాప మాదిరి నిలబడింది.

“ఏమ్మే, ఇది కప్పుకునేదా, వాకిలికి అడ్డం పెట్టేదా?” అని నవ్వబోయి దగ్గింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె అంచు తడిమి చూసి, “బిగించేది నేనే గదా నేర్పినాను. చెయ్యి వదిలేది నేర్పలేదు,” అనింది.

ఆ ఊలుతోనే నేను తిరిగి వదులుగా అల్లిన శాలువాను ఆమె రెండు చలికాలాలు కప్పుకుంది. ఇప్పుడు ఆ మగ్గం గుంట పూడ్చి గచ్చు చేశారు, వీధిలో మగ్గం చప్పుడు లేదు, గట్టిగా కొట్టమనేవాళ్లూ లేరు. కలం పట్టిన నా చెయ్యి మాత్రం ఇంకా వదులు కాలేదు.

శాలువా చాప మాదిరి నిలబడిన మరునాడు పొద్దున నేను గుంటలోకి దిగలేదు. అత్తగారిని అరుగు మీద ఎండలో కూర్చోబెట్టి, శాలువా కొస విప్పి ఆమె చేతికిచ్చాను. నేను వరస వరసా విప్పుతూ పోయాను, ఆమె వంకీలు తిరిగిన ఊలును వదులుగా ఉండ చుడుతూ పోయింది.